రేకుపని బల్ల నుండి రేసుబాట వరకు: ఫెర్డినాండ్ పోర్షే జీవితం

మన పట్టణాలలోని ఏ మోటారు సైకిలు మరమ్మతు దుకాణం ముందైనా ఒక నిమిషం నిలిచి చూస్తే, విప్పి పెట్టిన ఇంజను సిలిండరు మీద దువ్వెన పళ్ళవలె వరుసగా నిలిచిన పలుచని లోహపు రెక్కలు కనిపిస్తాయి. ఉస్తాదు వద్ద పని నేర్చుకొంటున్న బాలుడు ఆ రెక్కల మధ్య పేరుకొన్న మట్టిని, నూనె జిడ్డును కిరోసిన్‌తో కడిగి, తీగ బ్రష్షుతో రుద్దుతూ ఉంటాడు. ఆ రెక్కలు ఉన్నది అందం కోసం కాదు. లోపల మండే పెట్రోలు పుట్టించే వేడిని గాలికి అప్పగించేవి అవే. వాటి మధ్య మట్టి నిండితే ఇంజను కాలిపోతుంది. ఈ చిన్న సూత్రాన్ని నమ్ముకొని, దాని మీద ప్రపంచ ప్రసిద్ధమైన రెండు కార్లకు పునాది వేసిన ఒక వ్యక్తి జీవితాన్ని ఈ సంవత్సరం మా పాఠకుల ముందు ఉంచదలచినాము. ఆయన పేరు ఫెర్డినాండ్ పోర్షే. ఆయన నైపుణ్యాన్ని చెప్పినంత వివరంగా ఆయన దోషాన్ని కూడా చెప్పడం మా కర్తవ్యమని తలచి, ఈ రెంటినీ దాచకుండా వ్రాస్తున్నాము.

1875వ సంవత్సరం సెప్టెంబరు 3న, అప్పటి ఆస్ట్రియా-హంగరీ సామ్రాజ్యంలోని బొహీమియా ప్రాంతంలో, మాఫెర్స్‌డార్ఫ్ అనే గ్రామంలో పోర్షే జన్మించారు. ఆ గ్రామం నేడు చెక్ దేశంలో ఉన్నది. తండ్రి ఆంటన్ పోర్షే రేకుపని చేసేవారు. కొడుకు కూడా ఆ సుత్తినే పట్టాలని, ఆ దుకాణమే నడపాలని తండ్రి కోరిక. పగలంతా తండ్రి వద్ద రేకులు కొట్టడం, సాయంత్రం దగ్గరలోని రైఖెన్‌బర్గ్ పట్టణంలో సాంకేతిక పాఠశాలకు వెళ్ళడం ఆ బాలుని దినచర్య. గ్రామంలోని తివాచీల మిల్లులో అప్పుడప్పుడే విద్యుద్దీపాలు వెలిగినవి. వాటిని చూచిన నాటి నుండి ఆయన మనస్సు విద్యుత్తు మీద లగ్నమైనది. తండ్రికి ఈ ప్రయోగాలు రుచించలేదు. అయినను ఇంట్లోనే తీగలు వేసి దీపాలు వెలిగించి చూపిన తరువాత ఆ కోపం చల్లబడినది.

1893లో, పద్దెనిమిదవ ఏట, ఆయన వియన్నా నగరానికి వెళ్ళి ఒక విద్యుత్ పరికరాల కర్మాగారంలో చేరారు. పని ముగిసిన తరువాత అక్కడి సాంకేతిక విశ్వవిద్యాలయానికి వెళ్ళి, విద్యార్థిగా నమోదు కాకుండానే తరగతులలో కూర్చొని పాఠాలు వినేవారు. ఇంజనీరింగు పట్టా ఏదీ ఆయన పొందలేదు. ఆయన పేరుకు ముందు తరువాతి కాలంలో కనిపించే డాక్టర్ బిరుదు 1917లో అదే విశ్వవిద్యాలయం గౌరవ పురస్కారంగా ఇచ్చినది. వెనుక బెంచీలో దొంగచాటుగా కూర్చొన్న కుర్రవానిని ఇరవై ఏళ్ళ తరువాత ఆ విద్యాలయమే ముందుకు పిలిచి సత్కరించడం మన విద్యార్థులు గమనింపదగిన విషయం.

1898లో ఆయన రాజవంశీయులకు బండ్లు తయారుచేసే లోనర్ సంస్థలో చేరారు. చక్రాల ఇరుసు కేంద్రంలోనే విద్యుత్ మోటారును అమర్చిన ఆయన వాహనం 1900వ సంవత్సరపు పారిస్ ప్రపంచ ప్రదర్శనలో నిలిచినది. బ్యాటరీల బరువు మితిమీరి ఉండటం దాని లోపం. ఆ లోపాన్ని తీర్చడానికి ఆయన పెట్రోలు ఇంజనుతో విద్యుత్తు పుట్టించి, ఆ విద్యుత్తుతో చక్రాలను త్రిప్పే మిశ్రమ వాహనాన్ని నిర్మించారు. నేడు హైబ్రిడ్ అని మనం పిలుస్తున్న కారుకు అది పూర్వరూపం.

1906లో ఆస్ట్రో-డైమ్లర్ సంస్థకు సాంకేతిక అధిపతి అయ్యారు. 1910లో ప్రిన్స్ హెన్రీ పేరిట జరిగిన సుదూర పోటీలో తాను రూపొందించిన కారును తానే నడిపి ప్రథమ స్థానం పొందారు. ఆ కాలంలోనే ఆయన విమానాల ఇంజన్లు కూడా రూపొందించారు. నీటి తొట్టి, గొట్టాలు, రేడియేటరు మోయడం విమానానికి భారం. గాలిలో ఎగిరే యంత్రాన్ని ఆ గాలితోనే చల్లబరచవచ్చును గదా అన్న ఆలోచన ఆయన మనస్సులో ఆ పనితో బలపడినది.

1923లో జర్మనీలోని స్టుట్‌గార్ట్ నగరానికి వచ్చి డైమ్లర్ సంస్థలో పనిచేశారు. మరుసటి సంవత్సరం సిసిలీ ద్వీపంలోని టార్గా ఫ్లోరియో పోటీలో ఆయన పర్యవేక్షించిన కారు గెలిచినది. మెర్సిడెస్ పేరుతో ప్రసిద్ధమైన సూపర్‌ఛార్జర్ గల పెద్ద కార్లు ఆయన చేతి మీదుగా వచ్చినవే. కాని ఆయనకు చిన్న కారు మీద మక్కువ. సంస్థ పెద్దలకు ఆ మక్కువ లేదు. ఆ సంస్థను విడిచి, కొంతకాలం స్టైర్ సంస్థలో పనిచేసి, 1931 ఏప్రిల్‌లో స్టుట్‌గార్ట్‌లో స్వంత రూపకల్పన కార్యాలయం తెరిచారు. ఆ కార్యాలయానికి ధనం సమకూర్చి, వ్యవహారాలు చక్కబెట్టిన భాగస్వామి అడాల్ఫ్ రోజెన్‌బెర్గర్. ఆయన వర్తకుడు, రేసు కార్ల చోదకుడు, యూదుడు. ఈ పేరును పాఠకులు గుర్తుంచుకోవలెనని కోరుతున్నాము.

1934 జూన్‌లో జర్మనీ మోటారు పరిశ్రమ సమాఖ్య పోర్షే కార్యాలయంతో ఒక ఒప్పందం చేసుకొన్నది. సామాన్య కుటుంబం కొనగల కారు కావాలి. ధర వెయ్యి మార్కులకు లోపల ఉండాలి. నలుగురు కూర్చోవాలి. దీనికి ఎన్నో రకాల ఇంజన్లు ప్రయత్నించి, చివరకు ఆయన కార్యాలయంలోని ఫ్రాంజ్ జేవర్ రైమ్‌స్పీస్ అనే ఇంజనీరు రూపొందించిన నాలుగు సిలిండర్ల ఇంజనును ఎన్నుకొన్నారు. ఇందులో రెండేసి సిలిండర్లు ఎదురెదురుగా పడుకొని ఉంటాయి. పిస్టన్లు ఇద్దరు మల్లయోధుల పిడికిళ్ళవలె ఎదురెదురుగా కదులుతాయి గనుక ఒకదాని అదురును మరొకటి సరిచేస్తుంది. ఒక పట్టీ డైనమోను, దానితోపాటు ఫ్యానును త్రిప్పుతుంది. ఫ్యాను లాగిన గాలిని రేకుతో చేసిన కప్పు నాలుగు సిలిండర్ల మీదికి సమంగా పంచుతుంది. నూనెను చల్లబరచే చిన్న పరికరం కూడా ఆ గాలి దారిలోనే ఉంటుంది.

గాలిని ఎన్నుకొనడానికి కారణం సరళమైనది. ఆ దేశపు చలికాలంలో నీరు గడ్డకట్టి ఇంజను పగిలేది. సామాన్యునికి కారును దాచుకొనే షెడ్డు ఉండదు. గాలి గడ్డకట్టదు, మరగదు, కారిపోదు. 1936లో మూడు నమూనా కార్లను ఒక్కొక్కటి 50,000 కిలోమీటర్లు నడిపి పరీక్షించారు. పోతపోసిన క్రాంక్ షాఫ్టులు విరిగినవి. సాగగొట్టిన ఉక్కుతో వాటిని తిరిగి చేయించారు. విరిగిన ప్రతి భాగం మేజా మీదికి వచ్చి, కారణం తెలిసిన తరువాతనే మారినది.

ఇక్కడ మేము కథను ఆపి, కష్టమైన అధ్యాయం వైపు తిరుగవలసి ఉన్నది.

ఆ కారుకు పోషకుడు హిట్లర్ ప్రభుత్వం. పోర్షే 1937లో నాజీ పార్టీ సభ్యుడు అయ్యారు. అంతకు ముందే, 1935లో, భాగస్వామి రోజెన్‌బెర్గర్ వాటాను నామమాత్రపు ధరకు తీసుకొని ఆయనను సంస్థ నుండి పంపివేశారు. అదే సంవత్సరం రోజెన్‌బెర్గర్ అరెస్టయి నిర్బంధ శిబిరంలో పడ్డారు. విడుదలైన తరువాత దేశం విడిచి, చివరకు అమెరికాలో స్థిరపడి, 1967లో అక్కడే మరణించారు. 1938 మే నెలలో హిట్లర్ ఫోక్స్‌వాగన్ కర్మాగారానికి శంకుస్థాపన చేశాడు. వారం వారం స్టాంపులు అంటించి కారు కోసం సొమ్ము కూడబెట్టిన మూడు లక్షలకు పైగా కుటుంబాలలో ఒక్కదానికైనా ఆ పథకం క్రింద కారు అందలేదు. యుద్ధం వచ్చినది. కర్మాగారం సైన్యం కోసం పనిచేసినది. సుమారు 20,000 మంది యుద్ధఖైదీలను, నిర్బంధ శిబిరాల వారిని, పరదేశాల నుండి బలవంతంగా తెచ్చిన స్త్రీ పురుషులను అక్కడ పనిచేయించారు. ఆ స్త్రీల పసిబిడ్డలను తల్లుల నుండి వేరుచేసి ఉంచిన గృహంలో 300కు పైగా శిశువులు మరణించారు. పోర్షే, ఆయన అల్లుడు ఆంటన్ పీహ్ ఆ కర్మాగారపు నిర్వాహకులలో ఉన్నారు. శిబిరపు ఖైదీలను పనికి రప్పించడంలో పోర్షే పాత్రను చరిత్రకారులు పత్రాలతో సహా చూపించారు. ఆయన యుద్ధ ట్యాంకులను కూడా రూపొందించారు.

తనకు యంత్రాలే గాని రాజకీయాలు తెలియవన్న ధోరణిలో ఆయన బ్రతికారని కొందరు సమర్థిస్తారు. మేము ఈ సమర్థనను అంగీకరింపలేము. ఇంజనులోని ఒక్క బోల్టు బిగువు తప్పితే గుర్తించగల కన్ను, తన కర్మాగారంలో ఆకలితో నిలబడిన మనిషిని చూడలేదనడం నమ్మశక్యం కాదు. తోడుగా నిలిచిన భాగస్వామి అల్పసంఖ్యాకుడైనందువలన వెలివేయబడినప్పుడు ఆయన నోరు మెదపలేదు. అల్పసంఖ్యాకుల విద్య కోసం నిలిచిన కళాశాలలో చదువుకొంటున్న మనకు ఈ మౌనం ఎంత బరువైనదో వేరుగా చెప్పనక్కరలేదు.

యుద్ధం చివరి దశలో, 1944లో, బాంబుల భయంతో కార్యాలయాన్ని ఆస్ట్రియాలోని గ్మ్యుండ్ అనే కొండ ఊరికి తరలించారు. అక్కడ దొరికినది పాత రంపపు మిల్లు. 1945 డిసెంబరులో ఫ్రెంచి అధికారులు పోర్షేను, కుమారుడు ఫెర్రీని, అల్లుని నిర్బంధించారు. కుమారుడు ముందుగా విడుదలయ్యాడు. డెబ్బై ఏళ్ళ తండ్రి డిజాన్ నగరపు చెరసాలలో చలికి, అనారోగ్యానికి చిక్కి కృశించారు. ఆయనను, అల్లుని విడిపించడానికి పది లక్షల ఫ్రాంకుల జామీను కట్టవలెను. ఇంటిలో ఆ ధనం లేదు. గ్మ్యుండ్‌లోని కార్యాలయం ట్రాక్టర్లు, పాత వాహనాలు మరమ్మతు చేసి పొట్ట పోసుకొంటున్నది. అప్పుడు ఇటలీలోని చిసిటాలియా సంస్థ యజమాని పియెరో డుసియో ఒక రేసు కారు రూపకల్పన కోరాడు. కుమారుడు, ప్రధాన రూపకర్త కార్ల్ రాబె, కుమార్తె లూయీజ్ కలసి ఆ పనిని నిలబెట్టారు. ఆ సొమ్ముతో 1947 ఆగస్టు 1న వృద్ధుడు బయటకు వచ్చారు. మరుసటి సంవత్సరం ఫ్రెంచి న్యాయస్థానం తన ముందున్న ఆరోపణల నుండి ఆయనను విముక్తుని చేసినది. కర్మాగారంలో బలవంతపు శ్రమ చేసినవారి లెక్క మాత్రం ఆ తీర్పుతో తీరలేదు. ఫోక్స్‌వాగన్ సంస్థ వారి సహాయార్థం నిధిని ఏర్పాటు చేసినది 1998లో గాని కాదు.

ఈ గ్మ్యుండ్ రంపపు మిల్లులోనే, మేము ప్రధానంగా చెప్పదలచిన పని జరిగినది. క్రొత్త ఇంజను పోతపోయడానికి లోహం లేదు, యంత్రాలు లేవు. స్విట్జర్లాండ్ మీదుగా కష్టపడి తెప్పించుకొన్న కొద్దిపాటి ఫోక్స్‌వాగన్ భాగాలు మాత్రం ఉన్నవి. సామాన్యుని కారు కోసం చేసిన 1131 ఘన సెంటీమీటర్ల ఇంజను శక్తి 25 అశ్వశక్తి. దానిని పరుగు బండి ఇంజనుగా మార్చవలెను. ఫెర్రీ నాయకత్వంలోని పనివారు సిలిండరు తలలను మార్చి, దహన గదిని కుదించి, సంపీడన నిష్పత్తిని 5.8 నుండి 7కు పెంచారు. ఒక కార్బురేటరు స్థానంలో రెండింటిని అమర్చారు. ఫలితంగా 35 అశ్వశక్తి లభించినది. 585 కిలోల బరువు గల ఆ తెరుపు కారు గంటకు 135 కిలోమీటర్ల వేగాన్ని అందుకొన్నది. 1948 జూన్ 8న దానికి రోడ్డు మీద తిరిగే అనుమతి లభించినది. అదే పోర్షే పేరు ధరించిన మొదటి స్పోర్ట్స్ కారు. దాని తరగతి సంఖ్య 356.

తరువాత అక్కడ తయారైన యాభై కార్ల పై తొడుగులను అల్యూమినియం రేకుతో, చెక్క అచ్చు మీద పెట్టి, సుత్తితో కొట్టి తీర్చినారు. మాఫెర్స్‌డార్ఫ్‌లో తండ్రి బల్ల వద్ద వినిపించిన సుత్తి చప్పుడు, అరవై ఏళ్ళ తరువాత కుమారుని మిల్లులో మరల వినిపించినది. చెర నుండి తిరిగివచ్చిన వృద్ధుడు కుమారుని రూపకల్పనలను పరిశీలించి ఆమోదించారు.

ఒక ఉదాహరణతో ఆ పనివారి సూక్ష్మబుద్ధిని చూపుతాము. పోటీలలో 1100 ఘన సెంటీమీటర్ల లోపు తరగతి ఒకటి ఉన్నది. 1131 గల ఇంజను ఆ తరగతిలో చేరదు. వారు సిలిండరు లోపలి వ్యాసాన్ని 75 మిల్లీమీటర్ల నుండి 73.5కు తగ్గించారు. పరిమాణం 1086 అయినది. ఒకటిన్నర మిల్లీమీటరు తేడాతో ఆ కారు తన తరగతిలో చిన్నవాటి మధ్య బలమైనదిగా నిలువగలిగినది.

అటువంటి గాలితో చల్లబడే ఇంజన్లను నేటికీ ప్రపంచమంతటా ఎందరో విప్పి, శుభ్రపరచి, తిరిగి మెరుగు పెట్టుకొంటున్నారు. యంత్రశాస్త్రం చదివే మా విద్యార్థులకు ఉపయోగపడునని ఆ పనిలోని కొన్ని ధర్మాలను ఇక్కడ ఉంచుతున్నాము. సిలిండరు రెక్కలకు అందం కోసం దట్టంగా రంగు పూయరాదు. దట్టమైన పూత కంబళివలె వేడిని లోపలే ఉంచుతుంది. ఫ్యాను చుట్టూ ఉండే రేకు కప్పుకు త్రుప్పు తీసి చక్కగా రంగు వేయవచ్చును. అయితే కప్పుల మధ్య సందు మిగిలితే గాలి దారి తప్పి ఒక సిలిండరు మాత్రం కాలుతుంది. ఇంజను పెట్టె కొన్ని తరాలలో మెగ్నీషియం మిశ్రమంతో చేయబడినది. అది తేలిక గాని తేమకు, ఆమ్లాలకు త్వరగా తినబడుతుంది. సన్నని గాజుపూసలను చిమ్మి దానిని శుభ్రపరచేవారు, నూనె నడిచే సన్నని దారుల బిరడాలు తీసి పూర్తిగా కడుగకపోతే, మిగిలిన ఒక్క పూస బేరింగును నాశనం చేస్తుంది. పిస్టన్లను, కనెక్టింగు రాడ్లను తూచి సమాన బరువుకు తెస్తారు. రాడ్డు అంచులను నునుపు చేయడం తళుకు కోసం కాదు, గీత ఉన్నచోటనే పగులు మొదలవుతుంది గనుక. దహన గదుల పరిమాణాన్ని మన రసాయన ప్రయోగశాలలోని బ్యూరెట్‌తోనే ద్రవం పోసి కొలుస్తారు.

మార్పు చేసేవారు మరొక సంగతి మరువరాదు. గాలి దారులను మరీ పెద్దవి చేస్తే అధిక వేగంలో బలం పెరిగినను, తక్కువ వేగంలో ఇంజను సోలుతుంది. సంపీడనం పెంచితే శక్తితో పాటు వేడి పెరుగుతుంది. ఆ వేడిని మోయవలసినది గాలి ఒక్కటే. ఇక్కడ ఏదీ ఉచితంగా రాదు, ఒకటి పొందితే మరొకటి ఇచ్చుకోవలెను. గ్మ్యుండ్ పనివారు 25ను 35 చేసి ఆగడంలోని వివేకం ఇదే.

1950లో సంస్థ తిరిగి స్టుట్‌గార్ట్‌కు చేరినది. ఆ సెప్టెంబరులో డెబ్బై అయిదవ జన్మదినాన పోర్షేకు తమ కర్మాగారపు నల్లని 356 కారు ఒకటి కానుకగా లభించినది. నవంబరులో ఆయన తన పూర్వపు ఫోక్స్‌వాగన్ కర్మాగారాన్ని దర్శించి వచ్చారు. అక్కడ తాను తలపెట్టిన చిన్న కారు వరుసలు కట్టి వెలువడుతున్నది. తరువాత కొద్ది దినాలకే పక్షవాతం సోకినది. 1951 జనవరి 30న ఆయన కన్నుమూశారు.

ఆ సంవత్సరం జూన్‌లో ఫ్రాన్సు దేశపు ల మాన్ నగరంలో ఇరవై నాలుగు గంటల పోటీ జరిగినది. గ్మ్యుండ్‌లో సుత్తితో తీర్చిన అల్యూమినియం తొడుగు గల ఒక 356, 1086 ఘన సెంటీమీటర్ల ఇంజనుతో, పగలు రాత్రి పరుగెత్తి తన తరగతిలో ప్రథమ స్థానం గెలిచినది. దానిని నడిపినవారు ఇద్దరు ఫ్రెంచివారు. నాలుగేళ్ళ క్రితం వృద్ధుడు ఖైదీగా ఉన్న దేశంలోనే ఆయన పేరు గల కారు గెలవడం కాలం చేసే చిత్రాలలో ఒకటి. 1963లో మనుమడు ఫెర్డినాండ్ అలెగ్జాండర్ రూపం దిద్దిన 911 కారు వెలువడినది. గాలితో చల్లబడే దాని ఆరు సిలిండర్ల ఇంజను వంశం 1998 వరకు సాగినది. సామాన్యుని చిన్న కారు 2003లో మెక్సికోలో ఆగిపోయేనాటికి రెండు కోట్ల పది లక్షలకు పైగా తయారైనది.

ఈ జీవితాన్ని ఎట్లు తూచవలెను? మేము చాలా ఆలోచించినాము. ఆయనను గురువుగా పూజించమని చెప్పలేము, ఆయన పనిని పారవేయమనీ చెప్పలేము. పట్టా లేని రేకుపనివాని కొడుకు, విరిగిన భాగాన్ని చేతిలోకి తీసుకొని కారణం వెదకుతూ అంత ఎత్తుకు ఎదిగిన తీరు మన కార్ఖానాల పిల్లలకు ధైర్యమిస్తుంది. అదే మనిషి ఎవరి కోసం, ఎవరి శ్రమతో పని జరుగుతున్నదని అడుగక పోవడం మనకు హెచ్చరిక. ఇంజను మెరుగు పెట్టేవాడు పై రంగు వేసే ముందు లోపలి పగులును వెదకుతాడు. మహాపురుషుల చరిత్ర చదివేటప్పుడు కూడా అదే పద్ధతిని పాటించవలెనని, పగులు కనిపించినచోట రంగు పూయరాదని మా విద్యార్థి సోదర సోదరీమణులకు మనవి చేసుకొంటున్నాము.